పాస్‌పోర్టులోని తమ్ముడు

మా బావకు రెండు వయసులుండేవి. ఒకటి ఒంటిది, ఇంకొకటి పాస్‌పోర్టుది. పాస్‌పోర్టు వయసు పదేళ్లు చిన్నది. గల్ఫ్‌కు పోదామని బొంబాయిలో పడిగాపులు పడుతున్న రోజుల్లో, ముప్పై దాటిన కూలీలు మాకొద్దని కంపెనీవాళ్లు అన్నారట. అప్పటికి బావకు ముప్పై ఎనిమిది. కాగితాలు రాసేటప్పుడు బ్రోకరు ఇరవై ఎనిమిది అని రాశాడు. కరీంనగర్ వైపు నుంచి పోయినవాళ్లలో ఇదేమీ వింత కాదు. పేరే మారిపోయినవాళ్లున్నారు. వేరేవాడి తండ్రిని తన తండ్రిగా చెప్పుకుంటూ ఏళ్లకేళ్లు బతికినవాళ్లున్నారు. వాళ్లతో పోలిస్తే బావ నయమే, పదేళ్లతో బయటపడ్డాడు.

ఆ పాస్‌పోర్టులోని మనిషిని బావ 'తమ్ముడు' అనేవాడు. బతాకా, అంటే అక్కడి లేబర్ కార్డు, రెన్యూ చేయించుకుని వచ్చిన రోజున దాన్ని నా ముఖం ముందు ఆడించి, "సూడు బామ్మర్ది, మా తమ్ముడు ఇంకా పోరడే. వానికి పిల్లను సూడాలె" అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. అక్క మొగుడు కదా, నవ్వించడం ఆయన హక్కు, నవ్వడం నా వంతు.

నేను ఎనభై ఎనిమిదిలో పదో తరగతి సర్టిఫికెట్ పట్టుకుని ఆయన దారినే ఒమాన్ వచ్చాను. ఆ సర్టిఫికెట్ పుణ్యమా అని నా పాస్‌పోర్టులో ఉన్నది నా వయసే. బావను తెచ్చిన కంపెనీ అప్పటికే మూతపడింది. ఆయన ఆజాద్ వీసా మీద అల్ ఖౌద్‌లో ఇళ్లకు టైల్స్ వేస్తున్నాడు. యూనివర్సిటీ చుట్టుపక్కల కొత్త విల్లాలు లేస్తున్న కాలం. ఆజాద్ వీసా అంటే పేరుకే ఆజాదు. కాగితం ప్రకారం మేం అర్బాబు, అంటే వీసా ఇచ్చిన ఒమానీ యజమాని, దగ్గర పనివాళ్లం. నిజానికి మా పని మేమే వెతుక్కోవాలి, మా పనిముట్లు మేమే కొనుక్కోవాలి, పని దొరికినా దొరక్కపోయినా ఒకటో తారీకున అర్బాబు వాటా అర్బాబుకు కట్టాలి. ఒమాన్‌లో ఆదాయప్పన్ను లేదని మా ఊళ్లో సారు తెగ మెచ్చుకునేవాడు. మా పన్ను తెల్లటి దిష్‌దాషా అంగీ వేసుకుని వచ్చి తలుపు తట్టేదని ఆయనకేం తెలుసు!

అర్బాబు చెడ్డవాడని అనను. వచ్చినప్పుడు ఖర్జూరాలు తెచ్చేవాడు, ఇంటి క్షేమం అడిగేవాడు. డబ్బు తీసుకుని దండం పెట్టినంత మర్యాదగా వెళ్లిపోయేవాడు. కానీ కంపెనీలో పనిచేసేవాళ్లకు ఊరికి పోయేటప్పుడు చేసిన ఏళ్లకు లెక్కకట్టి సర్వీసు డబ్బులు ఇచ్చేవారు. మాకిచ్చేవాళ్లెవరు? మా కంపెనీ మేమే.

టైల్స్ పనంతా మోకాళ్ల మీదే. పొద్దున కూర్చుంటే నడుము ఎత్తేది మధ్యాహ్నమే. సిమెంటు మాలు పరచడం, పలక పెట్టడం, రబ్బరు సుత్తితో తట్టడం, మట్టం చూడటం, ఒక్క జానెడు వెనక్కి జరగడం. అలా జరుగుతూ జరుగుతూ బావ ఎన్ని ఇళ్ల హాళ్లు దాటాడో లెక్కలేదు. మోకాళ్లకు గోనెగుడ్డ మడిచి సైకిల్ ట్యూబుతో కట్టుకునేవాడు. విప్పినప్పుడు అక్కడి చర్మం ఏనుగు చర్మంలా ఉండేది.

ఆ మరుసటి ఏడు బావ సెలవు మీద ఊరికి పోయి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి ముభావంగా ఉన్నాడు. ఏమైందంటే మా అక్క పీఎఫ్ కార్డు చూశాడట. మా దగ్గర ఆడవాళ్లంతా బీడీలు చేస్తారు. బీడీల కంపెనీ కూలిలో కొంత పట్టుకుని, అంతే తాను కలిపి పీఎఫ్‌లో వేస్తుంది.

"ఇంట్ల గూసుండి బీడీలు జుట్టే ఆడిమనిషికి ముసలితనానికి పైసలున్నయి బామ్మర్ది" అన్నాడు. "సముద్రం దాటి వచ్చిన మొగోనికి లెవ్వు. గిదేం లెక్క?"

నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు. మోకాలి చిప్పను బొటనవేలితో నొక్కుకుంటూ, ఇవి పోతే నన్నెవరు చూస్తారని అడిగాడు. ఆయనకు పిల్లలు లేరు. అందుకే ఆ మాట నాకు గుచ్చుకుంది.

అలాంటి సమయంలో వచ్చాడు పాలసీ సాబు. హైదరాబాద్ మనిషి, రూవీలో ఏదో కంపెనీలో అకౌంటెంటు. శుక్రవారాలు పాత కారు వేసుకుని రూములు తిరుగుతూ ఇండియాలోని ఒక బీమా కంపెనీ తరఫున పెన్షన్ పాలసీలు కట్టించేవాడు. తెలుగు పెద్దగా రాదు, దక్కనీలో మాట్లాడేవాడు. మా చాప మీద కూర్చుని, మేం వండిన మటన్ తిని, విషయం చెప్పాడు. ఏటా ఇంత అని కడుతూ పోవాలి. యాభై ఎనిమిది నిండిన నెల నుంచి బతికున్నన్నాళ్లూ నెలనెలా ఇంటికి పెన్షన్ వస్తుంది. మధ్యలో మానుకుంటే కట్టినదాంట్లో కోత పెట్టి మిగిలింది ఇస్తారు. ఇండియాలో పన్ను కట్టేవాళ్లకైతే దీని మీద పన్ను తగ్గింపు కూడా ఉందన్నాడు.

"మరి మేం అర్బాబుకు కట్టేదాంట్ల తగ్గిస్తరా?" అని బావ అడిగాడు. బావకు హిందీ అర్థమైనా మాట్లాడటం రాదు, నేను హిందీలో చెప్పాను.

సాబు పడీపడీ నవ్వి, "ఉస్కీ రసీద్ లావో మియా!" అన్నాడు. ఆ రసీదు ఎవడిస్తాడు?

ఫారం నింపింది నేను. రూములో కలం పట్టినవాణ్ణి నేనొక్కణ్ణే, ఆ గర్వం కూడా ఉండేది. పాస్‌పోర్టు ముందు పెట్టుకుని పేరు చూసి పేరు, ఊరు చూసి ఊరు, వయసు చూసి వయసు రాశాను. ముప్పై ఆరు. గల్ఫ్‌లో ఏ కాగితమైనా పాస్‌పోర్టుకు సరిపోవాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా పని చెడుతుందని మొదటి రోజు నుంచీ మాకు నూరిపోశారు. అది తు.చ. తప్పకుండా పాటించాం. సాబు ఆ గడి చూసి, బావ ముఖం చూసి, "అస్లీ ఉమర్ యహీచ్ హై క్యా?" అని, అసలు వయసు ఇదేనా అని, నన్ను అడిగాడు. మావాళ్ల సంగతి ఆయనకు తెలియక కాదు.

"హౌ సాబ్" అన్నాను, అవునని.

ఆయన చార్టు తీసి వేలు పెట్టి ఏడాదికి ఎంతో చెప్పాడు. మేం అనుకున్నదానికంటే ఎంతో తక్కువ. చిన్న వయసులో చేరితే తక్కువే పడుతుంది కదా మరి! బావ సంబరం పట్టలేక నా తొడ మీద చరిచాడు. సాబు వెళ్లాక వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుని, "నలభై ఆరు... యాభై ఎనిమిది... పన్నెండేండ్లు. పన్నెండేండ్లు గుంజుతయి తియ్యి మోకాళ్లు" అన్నాడు.

పన్నెండు అని ఆయన అనడం నేను విన్నాను. ముప్పై ఆరు అని రాసింది నేనే. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి ఎంత చదువు కావాలి? పదో తరగతి పాసయిన వెధవని, తక్కువ పడిందన్న సంతోషంలో చూడలేదు. పాలసీ బాండు ఊరి అడ్రసుకు పోయింది. అక్క దాన్ని తన పీఎఫ్ కార్డుతో కలిపి పెట్టెలో దాచింది. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితాన్ని ఎవరూ విప్పి చదవలేదు.

అప్పటి నుంచి ఎనిమిదేళ్లు బావ ఎలా కట్టాడో నాకు తెలుసు. పని డబ్బు రాగానే మొదట అర్బాబుది తీసి పక్కన పెట్టేవాడు. తరువాత పాలపొడి డబ్బాలో పెన్షన్‌ది. ఆ తరువాతే తిండి, ఇల్లు. డబ్బాలోది ముట్టుకోవద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఒక ఏడు ఎండాకాలం అల్ ఖౌద్‌లో పనే లేదు. అర్బాబు వాటా కట్టేసరికి డబ్బా ఖాళీ. బావ పనిముట్ల సంచి భుజాన వేసుకుని సరిహద్దులోని బురైమి పోయాడు. అక్కడ దుకాణాల్లో నేలలు వేస్తూ, వేసిన నేల మీదే పడుకుంటూ మూడు నెలలు ఉన్నాడు. తిరిగి వచ్చినప్పుడు చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. "డ్రాఫ్టు తీద్దాం పా" అన్నాడు, మంచినీళ్లు కూడా తాగకుండా. రూవీలో బ్యాంకు మెట్లు దిగేటప్పుడు ఆయన ముఖంలో కనిపించే నిబ్బరం, పండగ పూట కూడా నేను చూడలేదు. "ఇంక ఇన్నేండ్లే" అని ప్రతిసారీ మెట్ల మీద ఒక వేలు మడిచేవాడు.

ఎనిమిది వేళ్లు మడిచేసరికి మోకాళ్లు పోయాయి.

పోయాయంటే ఒక్కరోజులో కాదు. ముందు లేవడానికి గోడ కావలసి వచ్చింది. తరువాత నా చెయ్యి కావలసి వచ్చింది. ఒకరోజు ఒక విల్లా వంటగదిలో కూర్చున్నవాడు లేవలేక, ఇంటి ఆడవాళ్లు వస్తున్నారని తెలిసి, సిగ్గుతో దేకుతూ బయటికి వచ్చాడు. క్లినిక్‌లో డాక్టరు ఎక్స్‌రే ఫోటో తీయించి, ఇక మోకాళ్ల మీద కూర్చునే పని చెయ్యవద్దని చెప్పాడు. బావ నావైపు తిరిగి, "నాలుగేండ్లు ఓపిక పట్టుమను సారును" అన్నాడు. డాక్టరుకు ఆ మాట చెప్పలేదు నేను.

ఇంకో నాలుగేళ్లకు మొదలయ్యే పెన్షన్‌కు ఏయే కాగితాలు కావాలో రాసి అడగమన్నాడు బావ. నా చేతనైన ఇంగ్లీషులో బీమా కంపెనీకి ఉత్తరం రాశాను. జవాబు రెండు నెలలకు వచ్చింది. మా ఉత్తరాలన్నీ ఒక మలబారివాడి కిరాణా దుకాణం పోస్టు బాక్సుకు వచ్చేవి. దుకాణం మెట్ల మీదే చింపి చదివాను. పెద్ద ఉత్తరమేమీ కాదు. మీ రికార్డు ప్రకారం మీ వయసు నలభై నాలుగు, మీ పెన్షన్ రెండు వేల పదకొండులో మొదలవుతుంది, అప్పటివరకు ఏటా ప్రీమియం కడుతూ ఉండాలి. అంతే.

రెండు వేల పదకొండుకు బావకు అరవై ఎనిమిది వస్తాయి.

ఆ మెట్ల మీద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మలబారి వచ్చి ఇంటి దగ్గర ఎవరైనా పోయారా అని అడిగాడు. లేదన్నాను. నాకు ఏడుపు రాలేదు, నా మీద నాకు అసహ్యం వేసింది. నాలుగు రోజులు ఉత్తరం చొక్కా లోపల పెట్టుకుని తిరిగాను. బావ రోజూ అడుగుతూనే ఉన్నాడు, పోస్టు రాలేదని రోజూ అబద్ధమాడాను. అయిదో రోజు ఆయన గోనెగుడ్డలు కట్టుకుంటూ, "నాలుగేండ్లంటే ఎంతలకు గడుస్తయి బామ్మర్ది" అన్నాడు. ఇక నా వల్ల కాలేదు. అక్కడే, కొత్తగా వేసిన నేల మీద ఎవరూ అడుగు పెట్టకుండా కట్టిన తాళ్ల మధ్య నిలబడి, అంతా చదివి చెప్పాను.

ఆయన కట్టిన ట్యూబును విప్పాడు, మళ్లీ కట్టాడు.

"అంటే పెన్షన్ తమ్మునికొస్తది. నాకు గాదు."

"బావా..."

"వానికేమైంది, వాని మోకాళ్లు మంచిగనే ఉండి ఉంటయి." నవ్వబోయాడు. నవ్వు సగంలోనే చెడిపోయింది. ఆ ముఖం చూడలేక నేను బకెట్ తీసుకుని నీళ్లకు పోయాను.

ఆ వారంలోనే రూవీ పోయాం. అక్కడ కాగితాలు టైపు చేసే కడప సాయిబు ఒకాయన ఉండేవాడు. మావాళ్ల అర్జీలన్నీ ఆయనే టైపు చేసేవాడు. విషయమంతా విని మెషీను మీద నుంచి చేతులు తీశాడు.

"ఇనుకోప్పా. పాలసీలో వయసు దిద్దాలంటే వాళ్లు పాస్‌పోర్టు అడుగుతారు. పాస్‌పోర్టులో దిద్దాలంటే పుట్టిన కాగితం అడుగుతారు. ఆ కాగితం తెచ్చి ఇచ్చినావంటే, ఇన్నేండ్లూ తప్పుడు పాస్‌పోర్టు మింద ఉండానని నీ చేత్తో నువ్వే రాసిచ్చినట్టు గదా. అప్పుడు వీసా ఉంటాదా, నువ్వుంటావా?"

"ఇంకో దారి లేదా భాయ్?" అన్నాను.

"ఉంటే సెప్పనా? ఇంగోటి సూడు. యాభై నాలుగని తెలిస్తే కూలి పనికి బతాకా ఇంకెన్నేండ్లు రెన్యూ సేస్తారు? ఆ నలభై నాలుగు ఉండబట్టే మీ బావకు ఈ పొద్దు పని ఉండాది." సలహాకు డబ్బులు తీసుకోలేదు. టీ తెప్పించాడు. బావ టీ తాగలేదు.

బస్సులో తిరిగి వస్తుంటే నాకు పిచ్చి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. బొంబాయి బ్రోకరు మీదా? సాబు మీదా? ఆ బ్రోకరు పదేళ్లు తగ్గించకపోతే బావ ఒమాన్ మొహమే చూసేవాడు కాదు. తగ్గించినందుకు ఇప్పుడు ముసలితనం దొరకడం లేదు. ఏ తలుపు తోసినా ఆ తమ్ముడే అడ్డం నిలబడి ఉన్నాడు.

ఆ సాబు దగ్గరే తీసుకున్న నా పాలసీ కూడా ఉండేది, నాది అసలు వయసుతో. దాన్ని మానేసి ఆ డబ్బు కలిపి రెండు వేల పదకొండు దాకా నీది నేను కడతానన్నాను. మాట పూర్తి కానివ్వలేదు ఆయన.

"నీ ముసలితనం నాకిచ్చి నువ్వేం జేస్తవురా?"

అక్కకు అంతా రాశాను. దాచడం ఇక చాలనిపించింది. ఆమె మా పక్కింటి పిల్లతో రాయించిన జవాబు వచ్చింది. ఉన్నదేదో తిందాం, నా పీఎఫ్ ఉంది, నువ్వు వచ్చెయ్ అని రాయించింది. నేను చదువుతుంటే బావ గోడవైపు తిరిగి కూర్చున్నాడు. "దాని చేతి ఏళ్లు సూసినవా ఎన్నడన్న?" అన్నాడు. "ఆకు కత్తిరించి కత్తిరించి వంకర వొయ్యినయి. గా ఏళ్ల పైసలు దిని పండాల్నా నేను?" భుజాలు కదులుతున్నాయి. అంతకుముందు బావ ఏడవడం నేను చూడలేదు. దగ్గరికి పోయి చెయ్యి వేద్దామనుకున్నాను, వెయ్యలేకపోయాను. ఆ ఫారం రాసిన చెయ్యి కదా అది.

చివరికి పాలసీ మానుకుని, కోత పోగా మిగిలింది తీసుకుందామని ఆయనే తేల్చాడు. ఆ డబ్బుతో హైదరాబాద్‌లో మోకాళ్లకు వైద్యం చేయించుకుని మళ్లీ వస్తాడట. ఎందుకు? మళ్లీ మోకాళ్ల మీద కూర్చోవడానికి. ముసలితనంలో పని మానడానికి దాచిన డబ్బు, ముసలితనంలో పని చెయ్యడానికి పోతోంది. నేను వద్దనలేకపోయాను, ఇంకో దారి చూపించే మొహం నాకు లేదు.

మానుకునే ఫారం వచ్చిన రోజున ఒక విల్లాలో స్నానాలగదికి నేల వేస్తున్నాం. మాలు కలిపి ఉంది. పది నిమిషాల పని కదా అని టైల్స్ పెట్టె బోర్లించి, దాని మీద ఫారం పెట్టి రాయడం మొదలుపెట్టాను. బావ గడప మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. పేరు రాశాను. పాలసీ నంబరు రాశాను. తరువాతి గడి దగ్గర కలం ఆగిపోయింది.

"ఏమాయె?"

"వయసు అడుగుతుండ్రు బావా."

అప్పుడు చెప్పేశాను. ఉత్తరం చదివినప్పటి నుంచి లోపల దాచుకున్న మాట. "ఆనాడు సాబు నన్ను అడిగిండు బావా, అసలు వయసు ఇదేనా అని. నేనే హౌ అన్న. నిన్నొక్క మాట అడగలేదు."

"ఎర్కే" అన్నాడు. "నేను పక్కకే గూసున్న గద. ఇన్న."

నేను తలెత్తి చూశాను.

"నువ్వు ఇంకో మాట అంటవేమోనని పానం గుబగుబలాడింది. వయసు పెద్దదంటే పైసలు ఎక్వ అడుగుతడని. నువ్వు హౌ అన్నంక నిమ్మలమైంది." గోనెగుడ్డ దులిపి మోకాలికి చుట్టుకోసాగాడు. "తమ్మునిదే రాయి. వానితోని కొట్లాడి ఎవడు గెలుస్తడు. జల్ది రాయి, మాలు గట్టిపడుతది."

గోడ పట్టుకుని లేచే ప్రయత్నం రెండుసార్లు చేశాడు. మూడోసారి లేవకుండా గడప మీద నుంచే లోపలికి జరిగాడు. నేను నలభై నాలుగు అని రాసి కాగితం మడిచేసరికి, ఆయన మోకాళ్ల మీద కూర్చుని పలక అందుకుంటున్నాడు.